సున్నా కొస

టేపు సున్నా కొస నా చేతికిచ్చి
"గేటుకాడ గెట్టిగా పట్టుకో మే చెంగమ్మా" అన్నాడు
ఎక్సైజు జవాను దొరసామి.
గుడ్లింకా ఉడకలేదు. చేతికి పసుపు.
సున్నా మీద నా బొటనవేలు అచ్చు పడింది.

రెండో కొస పట్టుకోని ఆయప్ప
బంగారుపాళెం రోడ్డెంట నడిచినాడు
పంచరంగడి, పాలకేంద్రం దాటుకోని
మునెయ్య రూము దాకా.
పోయిన కాపు దాకా ఆ రూములో
మామిడికాయ గంపలు పెట్టేవోళ్లు.

"బడికీ అంగడికీ నూరు మీటర్లుండాల.
చట్టం."
చట్టం యాడుంటాదో నేను చూళ్లేదు.
అమరావతిలో పెద్దోళ్లు కూర్చోని
చేతులెత్తితే అయిపోతాదంట.
ఎవరు వినెత్తినారో, ఎవరు కునుకుతా ఎత్తినారో
ఆ చేతుల నీడ ఇంతదూరం వచ్చి
మా వంటరూము మీద పడింది.

లాటరీ చిత్తూరులో తీసినారు, సోమవారం.
లోగనాథం పదకొండు దరఖాస్తులేసినాడు.
ఆయన పేరుతో మూడు,
పెండ్లాం పేరుతో, బామ్మర్దుల పేర్లతో,
ఆఖర్న మేనత్త పేరుతో ఒకటి.
తిరిగిరాని ఫీజుకని
రెండెకరాల తోతాపురి తోట కుదవ పెట్టినాడు.
డబ్బాలో చెయ్యి పెట్టి తీస్తే
మేనత్త పేరొచ్చింది.

నాలిక మీద చుక్క ఎరగని కన్నెమ్మ
తొంభయ్యో ఏట లైసెన్సుదారు.
"నాకేమొచ్చింది రా?"
"అదృష్టమత్తా."
"దాన్ని ఉప్పేసి తినేదా, బెల్లమేసా?" అనిందంట.

తొంభై ఏడు మీటర్లు.
లోగనాథం మొగం చీకిన టెంక మాదిరి అయింది.
దొరసామి నా దిక్కు చూసి
"రవ్వంత వొదులు చెయ్యి మే" అన్నాడు.
చేసినా.
టేపు నడిమధ్య పొట్ట యాలాడేసింది.
తొంభై ఎనిమిది.
అంతకంటే జారదు చట్టం పొట్ట.

నేనెందుకు వొదులు చేసినానంటే,
మునెయ్య నా తమ్ముడు.
బాడిగ పద్దెనిమిది వేలు.
వాడి సంగం అప్పులో నా పేరూ ఉండాది.

మర్నాడు మేస్త్రీ వచ్చి
ముందర వాకిలి ఇటుకలతో మూసి
పక్కగోడకి కొత్త వాకిలి కొట్టినాడు.
మళ్లీ టేపు. మళ్లీ నేనే సున్నా.
నూటా రెండు.
బడి కదల్లేదు, అంగడి కదల్లేదు,
వాకిలి ఒక్కటే మొగం తిప్పుకునింది.
కాయితం మీద సాక్షి సంతకం పెట్టినా,
రాత్రిబడిలో నేర్చుకున్న సంతకం,
అదొక్కటే గబగబా వొస్తాది నాకు.

చెప్పకుండా మింగింది ఒకటుండాది.
నేను సున్నా పట్టుకున్న గేటు
తెరిచి నాలుగేండ్లు.
బీగానికి తుప్పు, చెవి యాడుందో అయివోరికే తెలీదు.
పిలకాయలొచ్చేది పొయ్యేది
వానకు కూలిన పడమటి గోడ కంతలో.
ఆ కంతకాడ నించి కొత్త వాకిలికి
నలభై అడుగులు.
నా అడుగులే. రెండు తూర్లు లెక్కబెట్టినా.

మూడోనాటికి గొంతులో ఆగక
దొరసామితో అనేసినా.
ఆయన చెడ్డోడు గాదు.
ఆయన చిన్నబిడ్డ హేమావతి మా మూడో తరగతే,
దానికి గుడ్డులో పచ్చసొన పడదు.
చానాసేపు కంత దిక్కే చూసినాడు.
"చట్టంలో గేటనే రాసుండాది మే,
కంతని రాయలేదు" అని
టేపు వొదిలినాడు.
సర్రుమని లోపలికి పొయ్యింది, నా పసుపుతో సహా.

బేస్తవారం అంగడి తెరిచినారు.
కన్నెమ్మను ఆటోలో తెచ్చి దింపినారు,
కొబ్బరికాయ చేతికిచ్చినారు.
కొట్టను చాతగాక ఒళ్లో పెట్టుకోని కూర్చునింది.
బడి వదిల్న పిలకాయలు
కంతలో నించి ఒకడెనక ఒకడు దూకి
ఆ కాయ దిక్కే చూస్తా నిలబడినారు.

ఈ పొద్దు ఉదయం
కంత పక్కన గోడ మీద బొగ్గురాత.
"గెటు" అని, దీర్ఘం లేకుండా.
దాని కింద సొరకాయంత సున్నా.
అయివోరు బెత్తం తీసుకోని
"ఎవడ్రా రాసింది?" అని తరగతి తరగతీ తిరిగినారు.
పిలకాయలంతా ఒకరి మొగాలొకరు చూసుకున్నారు.

పొయ్యికాడ కూర్చోని
గోటి సందుల్లో నలుపు
చీపురుపుల్లతో గీరుకుంటా ఉన్నా.